ట్రేస్ టూల్ స్లోగా ఉందని అసెంబ్లీలో తిరగరాయాలా?

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. హన్మకొండలో మీరు నలుగురు కలిసి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ఒక ట్రేస్ టూల్ రాశారు. బోర్డు సీరియల్ పోర్టు నుంచి పంపే ప్రోగ్రామ్ అడ్రస్‌లు ఒక్కో లైనుగా ఫైలులో పడతాయి, మీ టూల్ ఒక్కో అడ్రస్ ఏ ఫంక్షన్ కిందికి వస్తుందో చూసి, ఏ ఫంక్షన్ ఎన్నిసార్లు కనిపించిందో చివర్లో లెక్క చెప్తుంది. పైథాన్‌లో రాశారు. ఫైలు 300 ఎంబీ, సుమారు 40 లక్షల లైన్లు, సింబల్ టేబుల్‌లో (ఏ ఫంక్షన్ ఏ అడ్రస్ దగ్గర మొదలవుతుందో చెప్పే పట్టిక) 6,000 ఫంక్షన్లు, పదకొండు నిమిషాలు పడుతోంది. మీ గైడ్ సారేమో అసెంబ్లీలో, అంటే ప్రాసెసర్ ఆదేశాలను ఒక్కొక్కటిగా మనమే రాసే భాషలో, రాస్తే సెకన్లలో అయిపోతుంది అన్నారు. రివ్యూకు ఆరు వారాలే ఉంది.

రాయకండి. సార్ చెప్పింది అబద్ధమని కాదు, అసెంబ్లీలో రాస్తే నిజంగానే సెకన్లలో అవుతుంది. కానీ మీ పైథాన్ కూడా సెకన్లలోనే అవుతుంది, దానికి మీకు ఆరు వారాలు అక్కర్లేదు, ఒక సాయంత్రం చాలు. ఎందుకో వివరంగా చెప్తాను, ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి టూల్స్ రాస్తూ బతికినవాణ్ణి కాబట్టి ఈ విషయం నాకు ముఖ్యం.

నువ్వు పెట్టిన కోడ్‌లో ఒక్కో అడ్రస్ వచ్చినప్పుడల్లా సింబల్ లిస్టును మొదటి నుంచి చూసుకుంటూ పోతున్నారు. 6,000 ఫంక్షన్లు అంటే సగటున 3,000 పోలికలు. 40 లక్షల లైన్లకు లెక్కేస్తే 1,200 కోట్ల పోలికలు. పైథాన్ లూప్‌లో ఒక్కో పోలికకు 50 నానోసెకన్లు వేసుకున్నా 600 సెకన్లు, అంటే పది నిమిషాలు. మీ పదకొండు నిమిషాల్లో పది నిమిషాలు ఎక్కడికి పోయాయో కాగితం మీదే దొరికింది. ఇదే లూప్‌ను అసెంబ్లీలో బిగుతుగా రాస్తే, 3 గిగాహెర్ట్జ్ (సెకనుకు 300 కోట్ల సైకిళ్ల) ప్రాసెసర్ మీద ఒక్కో సైకిల్‌కు ఒక పోలిక జరిగిందనుకున్నా నాలుగు సెకన్లు పడుతుంది. పదకొండు నిమిషాలు నాలుగైదు సెకన్లకు దిగింది కాబట్టి అసెంబ్లీ గొప్పది అని అందరూ అనుకుంటారు, మీ సార్ అనుకున్నదీ ఇదే.

ఇప్పుడు పైథాన్‌లోనే ఉంటూ సింబల్ టేబుల్‌ను అడ్రస్ క్రమంలో పెట్టుకుని బైసెక్ట్ మాడ్యూల్‌తో వెతకండి. 6,000 పేర్లలో బైనరీ సెర్చ్‌కు (ప్రతిసారీ మిగిలిన లిస్టును సగానికి తగ్గించే వెతుకులాట) గరిష్ఠంగా 13 పోలికలు, అవి కూడా బైసెక్ట్ లోపల సీ కోడ్‌లో జరుగుతాయి. లైను చదివి, ముక్కలు చేసి, హెక్స్ సంఖ్యగా మార్చి, వెతికి, లెక్క పెంచడానికి మొత్తం ఒకటిన్నర మైక్రోసెకన్ వేసుకోండి, 40 లక్షల లైన్లకు ఆరు సెకన్లు. అంటే అసెంబ్లీలో రాసిన పాత పద్ధతికీ పైథాన్‌లో రాసిన కొత్త పద్ధతికీ ఇంచుమించు ఒకే టైమ్. ఇది నా అంచనా లెక్క, మీ ల్యాప్‌టాప్ మీద కొంచెం అటూ ఇటూ అవుతుంది, కొలిచి చూడండి.

అక్కడితో ఆగకండి. మీ బోర్డులో నడిచే ప్రోగ్రామ్ చిన్నది, లూప్‌లు తిరుగుతుంది కాబట్టి అవే అడ్రస్‌లు మళ్లీ మళ్లీ వస్తాయి. 40 లక్షల లైన్లు ఉన్నా వేర్వేరు అడ్రస్‌లు కొన్ని వేలే ఉంటాయి. ముందు ఒక డిక్షనరీలో (కీ ఇస్తే దాని విలువ చెప్పే పైథాన్ పట్టిక) ఏ అడ్రస్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకోండి, హెక్స్ నుంచి సంఖ్యగా మార్చే పని కూడా అప్పుడు వద్దు, ఆ అక్షరాలనే కీగా వాడండి. ఫైలు అంతా అయ్యాక ఒక్కో వేరే అడ్రస్‌కు ఒక్కసారి మాత్రమే ఫంక్షన్ పేరు వెతకండి. 40 లక్షల వెతుకులాటలు కొన్ని వేలకు పడిపోయాయి, ఇక వెతికే పద్ధతి ఏదైనా పెద్ద తేడా రాదు. ఈ మార్పు పైథాన్‌లో ఆరేడు లైన్లు. అసెంబ్లీలో అయితే ముందు డిక్షనరీ వెనక ఉండే హాష్ టేబుల్ మీరే రాయాలి, అది నిండితే పెంచే కోడ్ రాయాలి, మెమరీ అడిగి తీసుకోవడం రాయాలి, ఇవన్నీ డీబగ్ చేయాలి, ఆపైన ఈ ఐడియా పనిచేస్తుందో లేదో తెలుస్తుంది. పనిచేయకపోతే ఆ వారం పోయినట్టే. అందుకే అసెంబ్లీలో రాసేవాళ్లు మొదట తోచిన పద్ధతినే పట్టుకుని దాన్నే చెక్కుతూ కూర్చుంటారు, నేనూ అలాగే కూర్చున్నాను. పైథాన్ లాంటి పై భాష మీకిచ్చే అసలు వేగం ఇదే, ఒక పద్ధతి పారేసి ఇంకోటి ఎత్తుకోవడానికి భయం ఉండదు.

నా సంగతి ఒకటి చెప్తాను, ఇది నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. నేను వరంగల్‌లో పాలిటెక్నిక్ చదివినప్పుడు 8085 ప్రాసెసర్ కిట్ మీద హెక్స్ కీప్యాడ్ నొక్కి ప్రోగ్రామ్‌లు ఎక్కించేవాళ్లం, ఆప్‌కోడ్‌లు (ఆదేశాల అంకెలు) నోటికి వచ్చేవి. ఉద్యోగం కరెంటు మీటర్లు తయారుచేసే ఒక కంపెనీలో దొరికింది. అక్కడ రెండు ఇంటెల్ హెక్స్ ఫైళ్లను (మీటర్ చిప్‌లోకి ఎక్కించే ప్రోగ్రామ్, అంటే ఫర్మ్‌వేర్, ఉండే ఫైళ్లు) పోల్చి తేడాలు చూపే టూల్ కావాలంటే 8086 అసెంబ్లీలో రాశాను, డాస్ మీద ఎంటర్ కొట్టగానే జవాబు వచ్చేది, ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. ఇంటెల్ హెక్స్‌లో ఒక్కో డేటా లైనులో అడ్రస్‌కు 16 బిట్లే చోటు ఉంటుంది. ఫర్మ్‌వేర్ 64 కేబీ దాటితే మధ్యలో ఒక ప్రత్యేక రికార్డు వచ్చి పై అడ్రస్ ఎంతో చెప్తుంది. నేను ఆ రికార్డును పట్టించుకోలేదు, అప్పటికి మా ఫర్మ్‌వేర్ 40 కేబీ కూడా లేదు మరి. రెండేళ్లకు అది 64 దాటింది. నా టూల్ పై భాగాన్ని తెచ్చి కింది భాగం మీదే రాసేసి, కింద ఉన్న తేడాలు చెరిగిపోయాక పోల్చి, రెండు ఫైళ్లూ ఒకటే అని చెప్పింది. తప్పు వెర్షన్ మీటర్లలోకి ఎక్కింది.

సీలో రాసినా ఆ రికార్డును మర్చిపోయి ఉండేవాణ్ణేమో, దానికి అసెంబ్లీని తప్పుపట్టను. కానీ సరిచేయడం దగ్గరే తేడా తెలిసింది. సీలో అయితే అడ్రస్‌ను లాంగ్‌గా మార్చి, బఫర్‌కు 64 కేబీ దాటినా పనిచేసే హ్యూజ్ పాయింటర్ పెట్టి, ఆ రికార్డుకు ఒక కేస్ రాస్తే ఒక పూటలో అయ్యే పని. నా టూల్‌లో ప్రతి అడ్రస్ ఒక్క 16 బిట్ల రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న గది) ఉంటుందని నమ్మి ప్రోగ్రామ్ మొత్తం అల్లుకున్నాను. ఒక రిజిస్టర్ చోట రెండు కావాల్సి వచ్చేసరికి ఆ రెండోది అప్పటికే వేరే పనిలో ఉంది, దాన్ని ఖాళీ చేస్తే ఇంకో చోట విరిగింది. తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ మా వాళ్లు మీటర్లు విప్పుతూనే ఉన్నారు. ఎంటర్ కొట్టగానే జవాబు రావడానికి బదులు రెండు సెకన్లు ఆగినా ఎవరికీ ఏ నష్టమూ ఉండేది కాదు.

మరి పాత రోజుల్లో మంచి టూల్స్ అన్నీ అసెంబ్లీలోనే రాసేవారు కదా అని నువ్వే రాశావు, టర్బో పాస్కల్ పేరు కూడా చెప్పావు. మంచి ఉదాహరణ, కానీ దాని కథ పూర్తిగా తెలుసుకో. 1983లో బోర్లాండ్ కంపెనీ అమ్మిన ఆ కంపైలర్‌ను (మనం రాసిన కోడ్‌ను మెషిన్ కోడ్‌గా మార్చే ప్రోగ్రామ్) రాసింది ఆండర్స్ హెయిల్స్‌బర్గ్, అసెంబ్లీలోనే. మూడో వెర్షన్‌లో కంపైలర్, ఎడిటర్ కలిపి 40 కేబీ లోపే. అది అంత వేగంగా ఉండటానికి అసెంబ్లీ ఒక కారణమే కానీ, పెద్ద కారణం ఇంకోటి ఉంది. అప్పటి మిగతా కంపైలర్లలో ఎడిటర్ వేరు, కంపైలర్ వేరు, ముక్కల్ని కలిపే లింకర్ వేరు, ఒకదాని పని అయ్యాక ఫ్లాపీ మీద రాసి ఇంకోటి ఫ్లాపీ నుంచి చదివేది. టర్బో పాస్కల్ సోర్స్‌ను మెమరీలోనే పెట్టుకుని ఒకే విడతలో మెషిన్ కోడ్ ఇచ్చేసేది. చిన్న మెమరీలో అన్నీ పట్టించడానికి అసెంబ్లీ అవసరం పడింది, పట్టాయి కాబట్టి ఫ్లాపీ దగ్గరికి వెళ్లే పని తప్పింది.

అదే మనిషి తర్వాత మైక్రోసాఫ్ట్‌లో సీ షార్ప్ రూపొందించాడు, 2012లో టైప్‌స్క్రిప్ట్ తెచ్చాడు, ఆ కంపైలర్‌ను టైప్‌స్క్రిప్ట్‌లోనే రాశారు, అంటే చివరకు జావాస్క్రిప్ట్‌గా నడిచేది. ప్రాజెక్టులు పెరిగేకొద్దీ అది స్లో అయింది. 2025 మార్చిలో దాన్ని నేటివ్ కోడ్‌కు, అంటే ప్రాసెసర్ నేరుగా నడిపే కోడ్‌కు, మారుస్తున్నామని ప్రకటించారు. పది లక్షల లైన్లు దాటిన వీఎస్ కోడ్ ఎడిటర్ సోర్స్‌ను చెక్ చేయడానికి 77.8 సెకన్లు పట్టేది 7.5 సెకన్లకు వచ్చింది. ఎంచుకున్న భాష గో. అసెంబ్లీలో కంపైలర్ రాసి పేరు తెచ్చుకున్న మనిషే, గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని తనే ఏరి ఖాళీ చేసేది) ఉన్న భాషను ఎంచుకున్నాడు. వాళ్లు చెప్పిన దాని ప్రకారం ఆ పది రెట్లలో ఇంచుమించు సగం వంతు నేటివ్ కోడ్ వల్ల, మిగతా సగం పనిని అన్ని కోర్‌లకూ పంచడం వల్ల. ఆ రెండో సగం గురించి ఆలోచించు. అసెంబ్లీలో నాలుగు థ్రెడ్‌లు (ఒకేసారి నడిచే పనులు) ఒకే సింబల్ టేబుల్‌ను పాడుచేయకుండా వాడుకునేలా రాయడం ఎంత టెన్షనో నేను మాటల్లో చెప్పలేను.

పై భాషకు మారితే ఎప్పుడూ లాభమే అని కూడా అనుకోవద్దు. గో భాష కంపైలర్ మొదట సీలో ఉండేది. 2015లో 1.5 వెర్షన్‌కు దాన్ని గోలోకి మార్చినప్పుడు కంపైల్ టైమ్ సుమారు రెండింతలైంది, వాళ్లే రిలీజ్ నోట్స్‌లో ఒప్పుకున్నారు. తర్వాతి వెర్షన్లలో తగ్గించుకుంటూ వచ్చారు. ఆ ధర కట్టి వాళ్లు కొనుక్కున్నది ఏంటంటే, కంపైలర్ మీద పనిచేసేవాళ్లందరికీ ఒకే భాష, టైమ్ ఎక్కడ పోతోందో చూపే మంచి ప్రొఫైలర్, తేలిగ్గా మార్చగల కోడ్.

మెమరీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే 8085 కిట్ మీద నేర్చుకున్న లెక్క ఇక్కడ పనిచేయదు. కిట్ మీద ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కు ఎన్ని టీ స్టేట్స్ (క్లాక్ సైకిళ్లు) అని పుస్తకంలో చూసి కూడితే మొత్తం టైమ్ వచ్చేది. ఇప్పటి ప్రాసెసర్‌లో అదే లోడ్ ఇన్‌స్ట్రక్షన్‌కు డేటా ఎల్1 క్యాష్‌లో (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న మెమరీ) ఉంటే నాలుగైదు సైకిళ్లు, అక్కడ లేక మెయిన్ మెమరీ దాకా వెళ్తే రెండు మూడు వందల సైకిళ్లు. సైకిల్‌ను నిమిషం అనుకో, మొదటిది సందు చివర కిరాణా కొట్టుకు వెళ్లి రావడం, రెండోది హన్మకొండ నుంచి హైదరాబాద్ పోయి రావడం. పోయి రావడానికి అయిదు గంటలు పట్టే పనిలో, ఇంటి గుమ్మం దగ్గర చెప్పులు ఎంత తొందరగా వేసుకున్నావన్నది లెక్కలోకి రాదు. చేత్తో రాసిన అసెంబ్లీ ఎక్కువగా ఆ చెప్పుల దగ్గరే టైమ్ మిగులుస్తుంది. డేటాను దగ్గర దగ్గరగా పెట్టుకోవడం, అడ్రస్‌లను ఒక వరుస అరేలో ఉంచి పేర్లను వేరేగా ఉంచడం, ఇలాంటివి హైదరాబాద్ ప్రయాణాల్ని తగ్గిస్తాయి, వాటిని సీలోనో గోలోనో రస్ట్‌లోనో హాయిగా చేసుకోవచ్చు. పైథాన్‌లో మాత్రం కష్టం, అక్కడ ప్రతి సంఖ్యా ఒక ఆబ్జెక్ట్, లిస్టులో ఉండేవి వాటి పాయింటర్లు మాత్రమే. పైథాన్ వదలాల్సి వస్తే నాకు కనిపించే న్యాయమైన కారణం ఇదీ, కోడ్‌ను నడిచేటప్పుడే ఒక్కో మెట్టుగా చదివి నడిపే ఇంటర్‌ప్రెటర్ ఖర్చూ.

ఇంకో విషయం, కంపైలర్ మీకంటే మొద్దుగా రాస్తుందన్న నమ్మకం. సీలో ఒక అన్‌సైన్డ్ సంఖ్యను 10తో భాగించే ఫంక్షన్ రాసి, ఆప్టిమైజేషన్ ఆన్ చేసి కంపైల్ చేసి, అందులోని అసెంబ్లీని చూపే ఆబ్జ్‌డంప్‌తో చూడండి. భాగహారం ఇన్‌స్ట్రక్షన్ అక్కడ కనిపించదు. సంఖ్యను 3435973837తో గుణించి, 64 బిట్ల ఫలితాన్ని 35 బిట్లు కుడికి జరుపుతుంది, 32 బిట్ల సంఖ్య ఏదైనా సరే జవాబు కరెక్టుగా వస్తుంది. గుణకారం మూడు నాలుగు సైకిళ్లలో అయిపోతుంది, భాగహారం పాత ఇంటెల్ చిప్‌ల మీద ఇరవై దాటేది. ఈ సంగతి నాకు ఆబ్జ్‌డంప్ చూపించేదాకా తెలియదు, చూసిన రోజు పెన్నూ కాగితం పట్టుకుని రాత్రి దాకా లెక్క సరిచూసుకున్నాను. లెక్కలు, టైమ్‌స్టాంపులు మామూలు అంకెల్లో ప్రింట్ చేసే ప్రతి టూల్‌లో పదితో భాగించే పని ఉంటుంది కదా, ఆ లాభం మీకు ఉచితంగా వస్తోంది.

సీ కోడ్ మధ్యలో ఇన్‌లైన్ అసెంబ్లీ పెడితే రెండు లాభాలూ వస్తాయి కదా అంటారు కొందరు. కొన్నిసార్లు వస్తాయి. చాలాసార్లు ఎదురు తిరుగుతుంది, ఎందుకంటే కంపైలర్‌కు ఆ ముక్క లోపల ఏముందో కనిపించదు. దాని చుట్టూ విలువలు కాపాడుకోవాలి, స్థిరమైన విలువలు ముందే లెక్కకట్టలేదు, లూప్‌ను ఒకేసారి చాలా విలువల మీద నడిచేలా మార్చలేదు.

అసెంబ్లీ ఎక్కడ నిజంగా కావాలో కూడా చెప్తాను, లేకపోతే ఒక వైపే మాట్లాడినట్టు అవుతుంది. వీడియో డీకోడర్లలో, ఎఫ్ఎఫ్ఎంపెగ్, డేవ్1డీ లాంటివాటిలో, చేత్తో రాసిన అసెంబ్లీ గుట్టలు గుట్టలుగా ఉంది, అక్కడ ఒకే చిన్న లెక్క కోట్ల పిక్సెల్‌ల మీద జరుగుతుంది, ఒకే ఆదేశంతో చాలా విలువల మీద పనిచేసే ఎస్ఐఎండీ రిజిస్టర్లను కంపైలర్ అంత బాగా వాడలేదు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో ఎన్‌క్రిప్షన్ భాగాలు అంతే. లువా భాషను నడిపే లువాజిట్ ఇంటర్‌ప్రెటర్‌ను మైక్ పాల్ అసెంబ్లీలో రాశాడు, ఇంటర్‌ప్రెటర్ మెయిన్ లూప్‌లో ఏ విలువ ఏ రిజిస్టర్‌లో ఉండాలో కంపైలర్‌కు ఒప్పజెప్పడం కష్టం కాబట్టి. లినక్స్‌లో మీరు వాడే జీలిబ్‌సీ లైబ్రరీలో మెమ్‌కాపీ, మెమ్‌సీహెచ్ఆర్ అసెంబ్లీలో ఉన్నాయి, వాటిని కొన్ని వేల ప్రోగ్రామ్‌లు వాడుకుంటాయి కాబట్టి ఆ కష్టానికి ఫలితం ఉంది. ఇవన్నీ విడివిడిగా చూస్తే చిన్న ముక్కలు, అస్తమానం నడుస్తూ ఉండేవి, ఏళ్ల తరబడి పద్ధతి మారనివి. మీ ట్రేస్ టూల్‌లో వచ్చే నెల సార్ ఇంకో ఫీచర్ అడుగుతారు.

ఫైళ్లలో పదాలు వెతికే గ్నూ గ్రెప్ ఎందుకంత వేగం అని దాని మొదటి రచయిత మైక్ హేర్టెల్ 2010లో ఒక ఈమెయిల్‌లో వివరించాడు. అది సీలో రాసింది. ఆయన చెప్పిన ముఖ్యమైన మాట, గ్రెప్ ఫైలులో ప్రతి బైట్‌నూ చూడదు, చూసిన ఆ కొన్ని బైట్ల మీద కూడా చాలా తక్కువ ఇన్‌స్ట్రక్షన్లు ఖర్చు పెడుతుంది. బాయర్, మూర్ 1977లో చెప్పిన పద్ధతితో, వెతికే పదం చివరి అక్షరం కుదరకపోతే ఒకేసారి కొన్ని అక్షరాలు దూకేస్తుంది. ఇంకోటి, ఫైలును ముందే లైన్లుగా విడగొట్టదు, దొరికాకే చుట్టూ ఉన్న లైన్ ఎక్కడిదాకా ఉందో చూస్తుంది. మీ పైథాన్ కోడ్‌లో ప్రతి లైనుకూ ఎనిమిది ఫీల్డులుగా స్ప్లిట్ చేసి ఒక్కటే వాడుతున్నారు. అడ్రస్ ఎప్పుడూ ఒకే స్థానంలో ఉంటే స్లైస్ చేసి తీసుకుంటే సరిపోతుంది.

ఇంకో కష్టం గుర్తుపెట్టుకోండి. మీలో ఒకరికి యాపిల్ ల్యాప్‌టాప్ ఉందన్నావు. 2020లో వచ్చిన ఎం1 నుంచి వాటిలో ఉండేది ఏఆర్ఎం ప్రాసెసర్. మీరు ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల) అసెంబ్లీలో రాసింది అందులో నేరుగా నడవదు. రాస్‌ప్‌బెర్రీ పై మీద నడవదు, ఐఐటీ మద్రాస్ వాళ్ల శక్తి లాంటి రిస్క్ ఫైవ్ చిప్‌ల మీద అసలే నడవదు. సీలోనో గోలోనో రాస్తే మళ్లీ కంపైల్ చేసుకుంటే చాలు.

కాబట్టి ఈ వారం చేయాల్సింది: ముందు పైథాన్‌లోనే ఉన్న సీప్రొఫైల్ పెట్టి నడిపి, టైమ్ ఎక్కడ పోతోందో ఆ అవుట్‌పుట్ దాచుకోండి. తర్వాత డిక్షనరీ పద్ధతి పెట్టండి. అప్పటికీ స్లోగా అనిపిస్తే, చదివే భాగం ఒక్కటి సీలో రాయండి, ఫైలును పెద్ద పెద్ద బ్లాకులుగా చదవండి. సాటా ఎస్ఎస్‌డీ సెకనుకు ఇంచుమించు 500 ఎంబీ ఇస్తుంది, అంటే 300 ఎంబీకి 0.6 సెకను. డిస్క్ నుంచి చదివేటప్పుడు దాని కిందికి ఏ భాషా తీసుకెళ్లలేదు. మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో కాంటా వేసేవాళ్లు ఎంత చురుగ్గా ఉన్నా గేటు దగ్గర ట్రాక్టర్ల లైను కదిలిన కాడికే కదా బస్తాలు వచ్చేది. కొలిచేటప్పుడు ఒకే ఫైలును మూడు నాలుగుసార్లు నడపండి, మొదటిసారి డిస్క్ నుంచి వస్తుంది, రెండోసారి నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీలో దాచుకున్నదే ఇస్తుంది, రెండు అంకెలూ విడిగా రాసుకోండి.

సార్‌తో వాదన పెట్టుకోవద్దు. ఆయన తరం వాళ్లు తక్కువ మెమరీతో అద్భుతాలు చేశారు, ఆ అనుభవం నుంచి చెప్తున్నారు. ఆయన అడిగిన పద్ధతిని కూడా ప్రాజెక్టులో చూపించండి: పాత లూప్‌ను అలాగే సీలో రాసి, కంపైలర్ ఇచ్చిన అసెంబ్లీని ఆబ్జ్‌డంప్‌తో తీసి రిపోర్టులో పెట్టి, ఒక్కో లైను ఏం చేస్తుందో మీరే వివరంగా రాయండి, దాని టైమ్ పక్కన కొత్త పద్ధతి టైమ్ పెట్టండి. అసెంబ్లీ చదవడం వచ్చినవాళ్లు ఉద్యోగంలో చాలా తక్కువమంది కనిపిస్తారు, మీ నలుగురూ నేర్చుకోండి, అందులో ఒక్క గంట కూడా వృథా కాదు.

ఒక చిన్న చిక్కు ఉంది, అక్కడ చాలామంది పడతారు. సింబల్ టేబుల్‌ను ఎన్ఎం కమాండ్‌తో తీస్తున్నానన్నావు కదా, అది మామూలుగా పేర్ల క్రమంలో ఇస్తుంది. అడ్రస్ క్రమంలో లేని లిస్టు మీద బైసెక్ట్ పెడితే ఎర్రర్ ఏమీ రాదు, తప్పు ఫంక్షన్ పేర్లు చూపిస్తూ పోతుంది. ఎన్ఎం పక్కన మైనస్ ఎన్ పెట్టి తీయండి, ఆపైన ప్రోగ్రామ్ మొదట్లోనే ఒకసారి సార్ట్ కూడా చేయండి, 6,000 పేర్లకు అది కొన్ని మిల్లీసెకన్ల పని. కొత్త టూల్ ఇచ్చిన లెక్కనూ మీ పాత పదకొండు నిమిషాల టూల్ ఇచ్చిన లెక్కనూ పక్కపక్కన పెట్టి, ప్రతి ఫంక్షన్‌కూ అంకె సరిపోయిందో లేదో చూసుకున్నాకే పాతది తీసేయండి.